మా వాకిట్లో లేచిన బండలు

ఆ రోజుల్లో, అంటే ఇంటి ముందు షాబాదు బండలు పరిచినవాడు వీధికి పెద్దమనిషిగా చెలామణీ అయిన రోజుల్లో, ఇల్లెందు అవతల మా వీధిలో ఒక మహాసంగ్రామం జరిగింది. రెండు వంశాలు, ఒక మహావృక్షం, పాతాళంలో దాగిన శత్రువు, ఒక భీషణ శపథం. ఇన్ని ఉన్నాయి కనుక పర్వాలుగా విభజించి రాద్దామని కూర్చున్నాను. తీరా తలచుకుంటే పర్వానికి నాలుగు వాక్యాలు కూడా వచ్చేలా లేవు. జరిగిందల్లా ఇంతే: మా వాకిట్లో బండలు ఎగుడుదిగుడయ్యాయి. ఎందుకయ్యాయో తేల్చడానికి పెద్దవాళ్ళు చిన్నపిల్లల్లా కొట్లాడుకున్నారు.

మా నాయన బొగ్గుబావిలో సర్దార్. (సర్దార్ అంటే కత్తీ, గుర్రమూ ఉంటాయనుకునేరు. టోపీకి ఒక లైటు, కింద పనిచేసేవాళ్ళ మీద వేయడానికి కేకలు ఉంటాయి, అంతే.) భూమి లోపల తనకు తెలియనిది లేదని ఆయన నమ్మకం. అందుకే మేస్త్రీని పిలవకుండా, సెలవు పెట్టి మరీ తానే బండలు పరిచాడు. నేలను కాస్త చదును చేసి, పలచగా ఇసుక చల్లి, బండ పక్కన బండ పెట్టి, రసమట్టం ఆనించి చూసేవాడు. అందులోని బుడగ నడిమికి వచ్చినప్పుడల్లా వీధంతా వినేలా దగ్గేవాడు. డిగ్రీ పూర్తిచేసి, ఇంట్లో బండకంటే తక్కువ కదిలే వస్తువుగా పేరు తెచ్చుకున్న నేను ఇసుక మోశాను.

వేసవి దాటకముందే గడప ముందరి బండలు పూరీల్లా పొంగాయి. గేటు దగ్గరివి కుంగాయి. నాయనమ్మ తట్టుకుని పడి, నడుము పట్టుకునే తీర్పు చెప్పింది: "కింద నాగేంద్రుడు పుట్ట పెడుతుండు బిడ్డా." బండల సందుల్లో పాలు కూడా పోసింది. నాగేంద్రుడు రాలేదు గాని చీమలు వచ్చాయి.

నాయనకు మాత్రం వేరే ముద్దాయి దొరికాడు. పక్కింటి మావయ్య కృష్ణా జిల్లా నుంచి మిర్చి వేయడానికి వచ్చి మా దగ్గరే స్థిరపడినవాడు. అత్తయ్య పుట్టింటి నుంచి గింజ తెచ్చి పెంచుకున్న పనసచెట్టు మా గోడకు అవతలే ఉండేది. కాయ పండిన ప్రతిసారీ మొదటి తొనలు మాకే వచ్చేవి. ఆ తొనలు తిన్న నోటితోనే నాయన గోడ మీదుగా గర్జించాడు.

"ఏందన్నా, నీ చెట్టు వేర్లు మా వాకిట్లకొచ్చినయ్. బండలు లేపుతున్నయ్, చూసినవా?"

"మా చెట్టు కాయలు కాస్తుందండీ, బండలెత్తదు."

"బాయిల పనిచేసేటోన్ని. భూమి లోపల ఏముందో నాకే చెప్తవా?"

"చెప్పనండీ. పైన ఏముందో చూసుకోమంటున్నా."

ఇక మాటలు బంద్. రోజూ సాయంత్రం గోడ దగ్గర నిలబడి లోకాన్ని చక్కదిద్దే అమ్మ, అత్తయ్య కూడా చూపులతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. చివరికి రోషం ఆగక మావయ్యే శపథం చేశాడు: "ఆదివారం బండలెత్తి చూద్దాం. మా చెట్టు వేరు ఒక్కటి కనపడినా, చెట్టు నేనే నరికేస్తా." అది విని అత్తయ్య చెట్టు మొదట్లో కూర్చుని ఏడ్చింది. ఇటువైపు అమ్మ గోడకు ఆనుకుని ముక్కు చీదింది. మధ్యలో గోడ ఒక్కటే నిబ్బరంగా ఉంది.

ఆదివారం ఎండెక్కకముందే మావయ్య గొడ్డలితో, నాయన గడ్డపారతో వాకిట్లో నిలబడ్డారు. "చెట్టు ఎటూ పారిపోదు గదా నాయనా, చాయ్ తాగి తవ్వుదం," అన్నాను. "నోర్మూసుకొని బండ పట్టు," అన్నాడు నాయన. గోడ పక్కన ఒక బండ ఎత్తాం. వేరు లేదు. దాని పక్కది ఎత్తాం. లేదు. "లోపలికి పోయి ఉంటది," అంటూ నాయన మోకాలి లోతు తవ్వాడు. వానపాము కూడా లేదు. గేటు దగ్గర మట్టి ఎండి, వేలు దూరేంత పగుళ్ళు వేసింది. గడప ముందు బండ ఎత్తితే మాత్రం నల్లరేగడి పులిసిన దోసెల పిండిలా ఉబ్బి, తడితడిగా ఉంది. ఇంత ఎండల్లో ఈ తడి ఎక్కడిదని అందరం ఆ గుంట మీదకు వంగాం.

అప్పుడే లోపలి నుంచి అమ్మ వచ్చింది. "జర జరుగుండ్రి, పొద్దెక్కుతుంది. సాన్పి చల్లాలె."

వాకిలి మట్టిదైనప్పుడు సాన్పికి (మావయ్యవాళ్ళ భాషలో కళ్ళాపికి) చెంబెడు పేడనీళ్ళు సరిపోయేవి. బండలు వచ్చాక చల్లినదంతా జారిపోతోందని, చల్లినట్టే కనిపించడం లేదని అమ్మ బకెట్టుకు మారింది. మేం అలవాటుగా పక్కకు జరిగాం. అమ్మ అలవాటుగా గడప ముందే చల్లింది. నీళ్ళు బండల మీద ఒక్క క్షణం మెరిసి, సందుల్లోకి దారి పట్టి, చప్పుడు లేకుండా దిగిపోయాయి. తడిస్తే ఉబ్బి, ఎండితే పగిలే నేల మాదని ఊళ్ళో అందరికీ తెలుసు. ఇన్నాళ్ళూ ఒక్కరికీ గుర్తు రాలేదు.

"నాయనా, వేరు దొరికింది," అన్నాను. "బకెట్టు పట్టుకొని నిలబడ్డది."

"ఏంది, అందరు నన్నే చూస్తున్రు?" అంది అమ్మ.

గోడ మీదుగా గర్జించిన మనిషి గొంతు పిల్లి అడుగులు వేసింది. "ఏం లేదే... ఆ నీళ్ళు జర తక్కువ చల్లితే..."

"బండలేసినవని లచ్చిమిని రావద్దందునా? కావాలంటే నీ బండలే తీసెయ్!"

తీర్పు చెప్పాల్సిన నాయన, దోషి చేతి వంట మధ్యాహ్నం కూడా తినాలని గుర్తొచ్చి, "నేలే మంచిది గాదు," అని కేసు కొట్టేశాడు. మావయ్య గొడ్డలి వెనక్కి దాచి, నవ్వు మింగలేక దగ్గాడు. గోడ అవతల నుంచి ముక్కు తుడుచుకుంటూ అత్తయ్య అడిగింది: "వదినా, పండు కోశాను. తొనలు పంపనా?" "నువ్వే పట్టుకొని రా వదినా," అంది అమ్మ, బకెట్టు కింద పెట్టి.

ఎదుటివాళ్ళ కళ్ళలో నీళ్ళున్నా సరే, ఒక విసురు విసరందే నిద్రపట్టని ఆనాటి కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది. ఎవరూ చెంప పగలగొట్టలేదంటే మా వీధి ఎంత మంచిదో కూడా అర్థమవుతుంది. అమ్మ సాన్పి మానలేదు. నాయనే మేస్త్రీని పిలిచి బండలు మళ్ళీ వేయించాడు. నల్లరేగడి మీద బండలు పరిచే ముందు అడుగు లోతు మట్టి తీసేసి, మొరం పోసి, దిమ్మిసతో కొట్టి, నీళ్ళు వీధివైపు పోయేలా కాస్త వాలు పెట్టాలట.