కత్తెరక్క కోసిన పాట

ఆవిడకు కత్తెర అని పేరు పెట్టింది సొంత తమ్ముడే, అదీ ముద్దుకు కాదు. దానికి అక్క తగిలించి కత్తెరక్క అన్నది జనం. క్యాసెట్ల కొట్లో ఆవిడ పని పెద్ద చుట్టలో వచ్చే టేపును పాట పొడవుకు కొలిచి, కత్తిరించి, ఖాళీ క్యాసెట్లలోకి ఎక్కించడం. తమ్ముడు గిటారు పట్టుకుని రాక్ పాటలు కట్టేవాడు. వాడి మొదటి పాటకు ఆవిడ రిహార్సల్లోనే కొలత తీసి పెట్టుకుంది. తీరా రికార్డింగు రోజు వాడు ఊపు మీదుండి మధ్యలో గిటారును సాగదీశాడు. ఆ సంగతి అక్క చెవిన వేస్తే ఒట్టు. ఆవిడా చివరిదాకా విని చూసుకోలేదు. క్యాసెట్లన్నీ ఊళ్ళు దాటిపోయాక తెలిసింది, ఆఖరి లైను ఏ ఒక్కదాంట్లోనూ లేదని.

"పొద్దున్నే ఎవరో తలుపు తడితే, నేను..." అంతే, అక్కడ టక్కుమని టేపు ఆగిపోయేది.

తమ్ముడు ఇల్లు పీకి పందిరేశాడు. "పాటకు ప్రాణమే ఆ లైను. దాన్ని కోసి పారేశావు."

"సాగదీసినవాడివి నాకు చెప్పొద్దట్రా?" అంది ఆవిడ.

ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేవు. తప్పనిసరై పిలవాల్సి వచ్చినా వాడు "కత్తెరా" అనేవాడే తప్ప నోరారా అక్కా అనలేదు.

పాట మాత్రం కార్చిచ్చులా పాకింది. ట్యూను గొప్పదన్నారు కొందరు, డ్రమ్ములు గొప్పవన్నారు కొందరు. అసలు కిటుకు ఆ తెగిన చోటే ఉంది. అప్పటి కుర్రకారంతా చదువులు ముగించి, ఫ్యాక్టరీలు మూతపడి, గుమ్మం వంక చూస్తూ గోళ్ళు గిల్లుకుంటున్నవాళ్ళు. రేపు తలుపు తట్టేది ఉద్యోగమో, ఇల్లు ఖాళీ చెయ్యమనే యజమానో, మనసిచ్చిన పిల్లో ఎవరికీ తెలియదు. "నేను" దగ్గర పాట ఆగగానే ఎవరికి వాళ్ళు మిగతాది లోపల పూర్తి చేసుకునేవాళ్ళు. ఒకడు "తీస్తాను" అనుకుంటే ఇంకొకడు "తియ్యను" అనుకునేవాడు. బస్సుల్లో, హాస్టలు వరండాల్లో అందరూ కలిసి పాడుతూ, అక్కడికి రాగానే చెయ్యి పైకెత్తి, ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళు. నోరు కట్టేసినట్టు నిశ్శబ్దం. కాసేపటికి మళ్ళీ మొదటినుంచి. ఇంకే పాటకూ లేని పద్ధతి అది.

జనం అంత ప్రేమగా ఆగే ఆ చోటే తమ్ముడికి పుండు మీద కారం. ఏళ్ళు గడిచాక ఆటల మైదానంలో పెద్ద కచేరీ పెట్టినప్పుడు, ఆఖరి లైనుతో సహా పూర్తి పాట పాడి తీరతానని పంతం పట్టాడు.

కత్తెరక్క కూతురికి మేనమామ పాటంటే పిచ్చి. మధ్యాహ్నమే వెళ్ళి, స్టేజి ముందున్న ఇనుప కమ్మీలకు ఆనుకుని నిలబడింది. కత్తెరక్క మైదానం నడుమ ఎత్తయిన బల్లమీద, సౌండు మేస్త్రి పక్కన కూర్చుంది. ఆవిడ చెవిమీద అతనికి గురి.

పాట మొదలైంది. వెనక గేట్లలోంచి జనం ఇంకా వస్తూనే ఉన్నారు, ముందుకు తోస్తూనే ఉన్నారు. కత్తెరక్క కళ్ళు కూతురి పసుప్పచ్చ చొక్కాను వెతికాయి. కనబడింది. పిల్ల ఎగరడం లేదు, పాడడం లేదు. తల వెనక్కి వాల్చి నోరు తెరిచి ఉంది. చుట్టుపక్కల వాళ్ళదీ అదే తీరు. కమ్మీలకు అదిమేసి నలిపేస్తున్నారు.

"మేస్త్రీ, ఆపు. నా పిల్ల నలిగిపోతోంది."

మేస్త్రి మొహం పాలిపోయింది. "పాట మధ్యలో ఆపితే కొంప మునుగుతుందక్కా. మొన్న కరెంటు పోతేనే జనం స్టేజి మీదకి దూకారు. స్టేజి దగ్గరున్నవాళ్ళని పిలుస్తున్నా, ఎవడికీ వినబడట్లేదు."

ఆవిడ మైదానమంతా కలయజూసింది. ఇంత జనం తమంతట తాము ఆగే చోటు ఒక్కటే ఉంది. కానీ ఇవాళ వాడు అక్కడ ఆగడు. కొత్త లైను చెవినపడితే జనం వెర్రెత్తి ముందుకు దూకుతారు.

ఆవిడ మొత్తం సౌండును నడిపే మీట మీద చెయ్యి వేసింది. ఈసారి వాడు నన్ను జన్మలో క్షమించడు అనుకుంది. క్షమించకపోతే పోనీ, పిల్ల బతికితే చాలు.

ఆ చివరి చరణం ఎంతకీ తెమలలేదు. పసుప్పచ్చ చొక్కా కిందికి జారింది. మీట మీద వేళ్ళు చెమటకు జారుతున్నాయి. తలుపు, తడితే...

"నేను..."

మీట కిందికి లాగేసింది.

మైదానంలో చేతులన్నీ పైకి లేచి ఆగిపోయాయి. ఒక్కడు కదల్లేదు. తమ్ముడి పెదవులు మాత్రం కదులుతున్నాయి, శబ్దం లేదు. మళ్ళీ కోసిందని తెలిసి బల్ల వైపు నిప్పులు కురిసేలా చూశాడు.

అప్పుడు వినబడింది, కమ్మీల దగ్గర్నుంచి సన్నగా. "మామయ్యా... ఊపిరాడట్లేదు."

వాడు తల వంచి కిందికి చూశాడు. గిటారు పక్కన పడేసి రెండు చేతులూ చాచాడు. కత్తెరక్క మీట పైకి తోసింది. వాడి గొంతు మైకులో మోగింది.

"ఎవరూ తొయ్యకండి. చేతులు అలాగే ఉంచి, ఒక్కో అడుగు వెనక్కి వెయ్యండి. వెనకున్నోళ్ళు మొదట కదలండి."

ఊపిరి బిగబట్టిన ఆ జనం, పాట ఇంకా అయిపోలేదన్నట్టు, చప్పుడు లేకుండా వెనక్కి జరిగింది. నలిగినవాళ్ళను ఒక్కొక్కరినే కమ్మీల మీదుగా ఇవతలికి లాగారు. అందరూ ఊపిరితోనే ఉన్నారు.

స్టేజి వెనక గదిలో పిల్లను బల్లమీద పడుకోబెట్టారు. పక్కటెముకలు కమిలాయి గాని ప్రాణానికి ఢోకా లేదన్నాడు డాక్టరు. అక్కాతమ్ముళ్ళు చెరోవైపూ నిలబడ్డారు. పిల్ల కళ్ళు తెరిచి అడిగింది.

"మామయ్యా, ఇంతకీ 'నేను' తర్వాత ఏముంది?"

కత్తెరక్క తల దించుకుంది. వాడు ఆవిడ వంక చూశాడు. ఇన్నేళ్ళు గుండెల్లో దాచుకున్న లైను నాలుక చివరిదాకా వచ్చినట్టే ఉంది.

"ఏం లేదే. మీ అమ్మ కోసిన చోటే పాట అయిపోయింది," అన్నాడు. తర్వాత, "అక్కా, కాసిని మంచినీళ్ళు ఇస్తావా?" అని అడిగాడు.

ఆవిడ వాడి మొహం చూస్తూనే గ్లాసు నింపింది; కొలత తప్పి సగం నీళ్ళు నేలపాలయ్యాయి.