ముందు బిడ్డ, తర్వాత తండ్రి

నేను చెప్పే మాటల్లో పావలా వంతే నిజమని నంద్యాలలో అందరికీ తెలుసు. శ్రీశైలం డ్యాం గేటు ఇరుక్కుంటే భుజం పెట్టి లేపినానని చెప్పి టీ తాగినవాణ్ణి. అలాంటి నాకు, ఒక ప్రైవేటు స్కూల్లో గుమాస్తాగా ఉన్నప్పుడు, రెండువేల ఆరు ఎండాకాలంలో దొరికిన పని పండగలా అనిపించింది.

నంద్యాల, ఆళ్లగడ్డ బ్రాంచీల అడ్మిషన్ రిజిస్టర్లన్నీ ఒకే వెబ్‌సైటులోకి ఎక్కిస్తున్నారు. హైదరాబాదు నుంచి వచ్చిన ప్రోగ్రామరు అమ్మాయి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది.

"ముందు తండ్రి రికార్డు, దాని కింద బిడ్డ రికార్డు. రెండింటికీ ముడి సరిగా పడుతోందా లేదా మీరు చూడాలి సార్. అసలు పిల్లల పేర్లు వద్దు. ఏవైనా కల్పించి కొట్టండి."

నాతోనా ఆ మాట! పదిహేడు మంది పిల్లలు ఒకే క్లాసులో ఉన్న తండ్రిని పుట్టించినాను. నల్లమలలో పులికి ట్యూషన్ చెప్పి బతికే తండ్రిని పుట్టించినాను. ఆ అమ్మాయి నవ్వి నవ్వి టీ ఒలకబోసుకుంది.

ఒకరోజు కల్పనలు అయిపోయి తండ్రి గడిలో నా పేరే కొట్టినాను. కింద బిడ్డ గడి ఖాళీగా కనపడింది. అందులో మా పాప పేరు కొట్టినాను.

పాప తొంభై మూడులో ఆళ్లగడ్డలో పుట్టింది. పదకొండు దినాలు ఉండింది. ఇరవై ఒకటో దినం పెడదామని నేనూ నా భార్యా పేరు ఏరి పెట్టుకున్నాం. అంతదాకా పాప ఆగలేదు. ఆ పేరు ఏ కాగితంలోకీ ఎక్కలేదు.

పుట్టిన తేదీ కొట్టగానే కంప్యూటరు తనంతట తానే పదమూడేళ్లు అని చూపించింది. తరగతి ఎనిమిది అని పెట్టినాను.

"మీకు పాప ఉందా సార్? చెప్పనే లేదు!"

"ఉండాదమ్మా. లెక్కలంటే పడదు. సైకిలు మీద చేతులిడిచి పోతాది" అన్నాను. నేనాడిన అబద్ధాల్లో గొంతు తగ్గించి చెప్పింది అదొక్కటే.

తండ్రిని తీసేస్తే బిడ్డ ఏమవుతుందో చూడడం నా పని. మొదటిసారి నన్ను తీసేస్తే పాప ఎవరి కిందా లేకుండా లిస్టులో తేలింది. తప్పని రాసిచ్చినాను. ఆ అమ్మాయి మార్చింది. ఈసారి నాతోబాటే పాప కూడా మాయమైంది. ఇది ఇంకా తప్పని కొంచెం గట్టిగానే రాసిచ్చి, పాపను మళ్లీ ఎక్కించినాను. మూడోసారి తెరమీద ఎర్రగా పడింది: "ఈ తండ్రి కింద బిడ్డ ఉంది. తీసేయడం కుదరదు."

"ఇది సరిగ్గుండాది. దీన్ని కదపొద్దమ్మా" అన్నాను.

ఆ తర్వాత చూడాల్సిన అవసరం లేకపోయినా, రోజూ పొద్దున రాగానే ఒకసారి నన్ను నేను తీసేయబోయేవాణ్ణి. ఆ ఎర్ర మాట చదువుకునేవాణ్ణి.

జూలైలో ఆ అమ్మాయి చెప్పింది. "రేపట్నుంచి అసలు పిల్లల్ని ఎక్కిస్తాం సార్. టెస్టువన్నీ తీసేయండి. ముందు బిడ్డ, తర్వాత తండ్రి."

పదిహేడు మంది పోయినారు. పులి మాస్టారు పోయినాడు. మేమిద్దరం మిగిలినాం. అప్పుడే నా భార్య క్యారియరు తెచ్చింది. తెరకు చెయ్యి అడ్డం పెట్టేలోపలే నా వెనక నిలబడి చదివేసింది.

"ఏందిది, ఎనిమిదా?" అనింది. "జూన్ పోయ గదా. తొమ్మిదికొచ్చింటాది."

పదమూడేళ్లలో మేమిద్దరం పాప మాట ఎత్తలేదు. ఏండ్లు లెక్క పెట్టుకుంటా ఉండేది నేనొక్కణ్ణే అనుకున్నాను.

ఎనిమిది చెరిపి తొమ్మిది కొట్టి సేవ్ చేసినాను. ఆమె వంగి చూసి, "ఆ" అనింది.

"తీసెయ్యల్లంట. రేపు నిజం పిల్లోల్లు వస్తారంట."

"తియ్యి మల్ల" అని ఆమె క్యారియరు వైపు తిరిగింది.

పాపను తీసినాను. తర్వాత నన్ను తీసేయమని నొక్కినాను. ఎర్ర మాట పడలేదు.

"ఈ తండ్రి కింద ఎవరూ లేరు. తీసేయమంటారా?"

"ఏమంటాంది?" అనింది ఆమె, గిన్నెలు విప్పుతా.

"ఏం లేదు" అని, అవునని నొక్కినాను.