టీలో ముంచిన కత్తియుద్ధం

ఊడ్పు వదిన గాల్లోకి ఎగిరిందని ఒక పుకారుంది. ఆదివారం మ్యాట్నీ ఇంటర్వెల్‌లో, చేతిలో బకెట్టుతో, బాల్కనీ మీంచి ఆపరేటరు గదిలోకి ఒక్క దూకు దూకిందట. నిజంగా చూసినవాడు ఇంతవరకూ ఒక్కడూ దొరకలేదు. చూశామని ఒట్టేసేవాళ్లు మాత్రం నాలుగొందలమంది. హాల్లో ఉన్న సీట్లు మూడొందలే!

వదిన ఇరవై రెండేళ్లుగా ఆ సినిమాహాలు ఊడుస్తోంది. ఆట వదిలేవేళకి చీపురుతో గుమ్మం పక్కనే నిలబడుతుంది కాబట్టి, సినిమా ఎలా ఉందన్నది అందరికంటే ముందు ఆమె చెవినే పడుతుంది. ఆ వారం వేసింది కత్తియుద్ధాల సినిమా. అందం చూసి కళ్లు తిరుగుతాయని ఊరూరా చెప్పుకున్నారు. ఇక్కడ జనం కళ్లు నులుముకుంటూ బయటికొచ్చారు.

"ఫైటింగులు సరే, ఆ రంగులేంట్రా? మంచు మీద టీ ఒలకబోసినట్టుంది!"

"ఆ పిల్ల బట్టలుతికి ఎన్నేళ్లయిందో పాపం."

"మా మేనత్త వంటింటి గోడకి కత్తులిచ్చి వదిలినట్టుందిరా బాబూ."

యజమాని తేల్చేశాడు. "సోమవారం సినిమా తీసేస్తున్నా. హాలుకీ తాళమే. గోడౌనుకి అడుగుతున్నారు."

గోడౌనుకి ఊడ్చేమనిషి ఎందుకు? వదిన పోస్టరు చూసింది, అందులో మంచు పాలనురుగులా ఉంది. ముగ్గురు పిల్లల తెల్ల యూనిఫాంలు ఉతికిన చెయ్యి అది. మురికి బట్టదో నీళ్లదో చూడగానే చెబుతుంది. వెలుగొచ్చే దారి వెంట తలెత్తి చూస్తే ఆపరేటరు గది అద్దం కనిపించింది. ముప్పై ఏళ్ల సిగరెట్టు పొగ దానికి పసుపుపచ్చగా పట్టేసింది.

చిక్కేమిటంటే, ఆ ఆపరేటరు ఆమెకి స్వయానా బావగారు. యజమానైనా సరే, దగ్గి మరీ ఆ గదిలోకి వెళ్లాలి.

"బావగారూ, ఆ అద్దం ఒక్కసారి తుడవనా?"

"ముప్పై ఏళ్లుగా బొమ్మ పడుతోందా లేదా? నీ చీపురు సంగతి నువ్వు చూసుకో అమ్మా."

ఆదివారం ఇంటర్వెల్‌లో బావగారు టీకి దిగారు. ఆయన వెనక్కి వచ్చేలోపు సబ్బునీళ్లూ, తడిగుడ్డా, పాత పేపరూ తమ పని తాము చేశాయి. పిండితే బిందెడు డికాషను దిగిందంటారు.

రెండో సగం మొదలైంది. మంచు కురిసింది, తెల్లగా! అందులోంచి ఎర్రబట్టల పిల్ల కత్తి దూసి ఎగిరింది. ముందు వరసలో కళ్లజోడు తాత లేచి నిలబడ్డాడు.

"ఒరేయ్, నాకు చూపొచ్చిందిరోయ్!"

హాలంతా ఒకటే గోల. "మొదటి సగం మళ్లీ వెయ్యండి! మళ్లీ వెయ్యండి!" వేశారు. సినిమా ఏడువారాలు ఆడింది. గోడౌనుకి అడిగినవాడే మూడుసార్లు టిక్కెట్టు కొన్నాడు. తాళంకప్ప యజమాని బల్లసొరుగులోనే ఉండిపోయింది.

ఆ ఆదివారం బావగారు మీసం దువ్వుతూ మెట్లు దిగారు. "చూశావా అమ్మా, నా మిషను పవరు?"

"అంతా మీ చేతి చలవే బావగారూ."

ఇప్పుడెవరైనా ఆ సంగతెత్తితే వదిన చీపురు తిరగేస్తుంది.

"ఎగరడమా? నేనా? ఈ మోకాళ్లు చూసే అంటున్నారా? ఆ గదిలో నేను కాలే పెట్టలేదు, ఏ అద్దమూ తుడవలేదు. అయినా మా బావగారు సిగరెట్టే ముట్టరు!"