గాలికి వీపు పెట్టి

మా నాన్నది కళ్లం అలవాటు. కందులు తూర్పారబట్టేటప్పుడు గుప్పెడు దుమ్ము వదిలి గాలి ఎటుందో చూసుకుని, దానికి వీపు పెట్టి నిలబడి చేట ఎత్తేవాడు. గింజలు కాళ్ల దగ్గర పడేవి, పొట్టు ఎదురుగా దూరంగా ఎగిరిపోయేది. కంట్లో నలుసు కూడా పడేది కాదు. పత్తికి మందు కొట్టడానికీ ఆయన అదే అలవాటుతో చేలోకి దిగాడు.

తొంభైల చివర చిలకలూరిపేట చుట్టుపక్కల పత్తిని పచ్చపురుగు తినేస్తున్న రోజులవి. ఎన్నిసార్లు మందు కొట్టినా పురుగు చావడం లేదు, ఆ వాసనకి మాకే తల తిరిగేది. నేనప్పుడు ఫిజిక్స్‌లో పరిశోధన చేస్తున్నాను. సెలవులకి ఇంటికొచ్చి, ఓ పొద్దున టీ క్యాను పట్టుకుని చేనికి వెళ్లాను. గట్టు మీద నాన్నకీ, మా చేలో ఏళ్లుగా మందు కొట్టే ముసలాయనకీ వాదన నడుస్తోంది.

"గాలికి అడ్డంగా నడుస్తా కొట్టాలండి. వీపు పెట్టి కొడితే మందు తిరిగి మన మీదకే వచ్చుద్ది" అంటున్నాడు ముసలాయన.

"వెనక నుంచి తోసే గాలి మళ్లీ మొహానికెట్టా కొడుద్దయ్యా?" అని నాన్న నా వైపు తిరిగాడు. "ఏమ్మా, నువ్వు చదివేది గాలి గురించేగా. చెప్పు ఈయనకి."

నేను చదివే గాలి వేరు. ఆ మాట అని ఊరుకుంటే సరిపోయేది. కానీ నా చదువు గురించి నాన్న అడగడం అదే మొదటిసారి. పుల్ల తీసుకుని మట్టిలో భూమిని గీశాను. సూర్యుడి నుంచి ఎప్పుడూ కణాల గాలి వీస్తుంటుందని చెప్పాను. భూమికున్న అయస్కాంత క్షేత్రం ఆ గాలిని పక్కలకి మళ్లిస్తుంది. మళ్లించే క్రమంలో సూర్యుడి వైపు తాను నొక్కుకుపోతుంది, అవతలి వైపు తోకలా సాగి చంద్రుణ్ణి దాటి పోతుంది. "దెబ్బంతా గాలికి ఎదురున్న వైపే. అవతలి వైపు చాటు. నాన్న చెప్పిందే కరెక్టు" అన్నాను.

ముసలాయన నా బొమ్మని కాసేపు చూశాడు. "చదువుకున్నోళ్లు, మీకు తెలుసుద్ది" అని పంపు భుజానికెత్తుకుని చేను అవతలి కొసకి వెళ్లి, గాలికి అడ్డంగానే కొట్టుకుంటూ పోయాడు. నాన్న గాలికి వీపు పెట్టి నడిచాడు. ఆయన మొహంలో గర్వం చూసి నేనెంత పొంగిపోయానో తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ సాయంత్రం అమ్మ చొక్కా ఉతుకుతూ, "వీపు పొడిగానే ఉంది, ఛాతీ అంతా మందు కంపు" అంది. విన్నాను. విని లోపలికెళ్లి పుస్తకం తెరిచాను.

ఆ పుస్తకంలో ఉన్నది కూడా అదే, చాటు వైపు నుంచే దెబ్బ. గాలి మరీ జోరందుకున్నప్పుడు ఆ తోక సాగి సాగి మధ్యలో తెగుతుంది. తెగిన అయస్కాంత రేఖలు మళ్లీ అతుక్కుంటూ, లాగి వదిలిన రబ్బరులా కణాలను వెనక్కి, భూమి మీదకే విసురుతాయి. ధ్రువాల దగ్గర ఆకాశంలో కనిపించే వెలుగుల్లో చాలా వాటికి మూలం అదే. నేను చాటు అని చెప్పిన వైపు నుంచే వస్తాయా కణాలు. చేలో జరిగేది దీనికంటే చాలా మామూలు సంగతి. వీపుకి తగిలిన గాలి మనిషికి రెండు పక్కలా చీలి, ఛాతీ ముందు సుడి తిరుగుతుంది. మందు ఆ సుడిలో చిక్కుకుని మొహం దగ్గరే ఉంటుంది. రెండూ ఒకే సూత్రం కాదు. రెంటికీ ముడిపెట్టి తీర్పు చెప్పింది నేనే.

నాలుగైదేళ్లకి నాన్న చేతులు వణకడం మొదలైంది. తర్వాత కాళ్లు పట్టు తప్పాయి. ఏళ్ల తరబడి మందు ఒంట్లోకి పోయి నరాలు దెబ్బతిన్నాయని, ఇక తగ్గేది కాదని గుంటూరు డాక్టరు చెప్పాడు. ఊళ్లో అందరూ కొట్టారు, అందరికీ ఏదో ఒకటి వచ్చింది, అడ్డంగా నడిచినా ఇదే జరిగేదేమో. ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఒక్కసారీ నమ్మలేదు.

ఇప్పుడు డిగ్రీ కాలేజీలో పాఠం చెబుతున్నాను. ఏటా బోర్డు మీద ఆ తోక గీస్తాను. వెనక నుంచి కణాలు ఎలా వస్తాయని ఎవరో ఒకరు అడుగుతారు, చెబుతాను. ఇంట్లో చెప్పలేకపోయాను.

ఎవరైనా చూడ్డానికొస్తే నాన్న నన్ను పక్కన కూర్చోమంటాడు. టీ సాసరులో పోసి నేనే ఆయన నోటికి అందిస్తాను. రెండు గుక్కలు తాగి, వచ్చినవాళ్లతో ప్రతిసారీ ఒకటే మాట అంటాడు. "మా అమ్మాయి ముందే చెప్పబట్టి గాలికి వీపు పెట్టి కొట్టాను. లేకపోతే ఈపాటికి పోయేవాణ్ణి."