ఓపెన్ క్యారేజీ

మాస్టర్స్ చదివే ఆ రోజుల్లో అమెరికాలో నాకు బాగా తెలిసినవి భయం, ఆకలి. భయం వీసా గురించి, ఆకలి గుత్తివంకాయ కూర గురించి. (నూడుల్స్ ఆకలిని తీర్చవు, వాయిదా వేస్తాయంతే.) అందుకే టెక్సస్‌లోని ప్లేనోలో తెలిసిన అంకుల్ ఒకాయన కార్తీక వనభోజనాలకి పిలిస్తే, మాట పూర్తికాకముందే వాలంటీర్‌గా వస్తానన్నాను. వాలంటీర్ అంటే కుర్చీలు మోసి, మిగిలిన కూరలు డబ్బాల్లో సర్దుకుని రూమ్‌కి పట్టుకుపోవడమని నా లెక్క.

పార్కులో ఉసిరిచెట్టు ఎక్కణ్ణుంచి వస్తుంది? అంకుల్ వాళ్ళ అమ్మగారు, అంటే మా అందరికీ బామ్మగారు, ఇండియన్ స్టోర్‌లో కొన్న ఫ్రోజెన్ ఉసిరికాయలు ఒక ఓక్ చెట్టు మొదట్లో పెట్టి, మా చేత దానికే దండం పెట్టించారు. పులిహోర, గుత్తివంకాయ, పెద్ద గాజుసీసా నిండా ఆవకాయ బల్ల మీదికి చేరాయి. సరిగ్గా నేను విస్తరి అందుకున్న శుభముహూర్తంలో పక్క బల్ల దగ్గరికి ఒక పెద్దమనిషి లంచ్ బాక్స్‌తో వచ్చి కూర్చున్నాడు. గళ్ళ చొక్కా, తెల్ల మీసం, బెల్టుకి పిస్తోలు. దాన్ని దాచుకోనైనా లేదు, తాళాలగుత్తిలా దర్జాగా వేలాడేసుకున్నాడు.

అంకుల్ మొహం పాలిపోయింది. "అన్నీ ప్యాక్ చేసేయండి, ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోదాం" అన్నారు గుసగుసగా. నా కళ్ళముందే గుత్తివంకాయ గిన్నెకి మూత పడుతోంది. ప్రాణం ఉసూరుమంది. "ఒక్క నిమిషం అంకుల్, రూల్ ఏంటో కాల్ చేసి కనుక్కుంటా" అని పార్కు బోర్డు మీదున్న నంబరుకి ఫోన్ చేశాను. "ఎవరికైనా గురిపెట్టాడా?" అని అడిగింది అవతలి మేడమ్. "లేదు మేడమ్, శాండ్‌విచ్ తింటున్నాడు" అన్నాను. "అయితే అది ఓపెన్ క్యారీ, అంటే తుపాకీ బయటికి కనపడేలా పెట్టుకుని తిరగడం. ఇక్కడ చట్టం ఒప్పుకుంటుంది, హ్యాపీగా పిక్నిక్ చేసుకోండి" అని పెట్టేసింది.

"ఏం లేదంకుల్, ఓపెన్ క్యారీ అట, పర్లేదట!" అని అరిచాను. అది బామ్మగారికి ఇంకోలా వినపడింది. "ఓపెన్ క్యారేజీయా? అయ్యో, మూతలేని క్యారేజీ తెచ్చుకున్నాడా పాపం! వనభోజనాలనాడు పక్క మనిషి చల్లారిన తిండి తింటుంటే మనకెలా ముద్ద దిగుతుందర్రా?" అంటూ ఒక విస్తట్లో అన్నీ వడ్డించి, ఆవకాయ సీసా చంకన పెట్టుకుని, మేము ఆపేలోపే ఆయన ముందు ప్రత్యక్షమయ్యారు. (ఆవిడ కళ్ళజోడు కారులో ఉండిపోయింది.)

ఆయన మొహమాటంగా పులిహోర తిని తలూపాడు. తర్వాత ఆవకాయ ముక్క నోట్లో పెట్టుకున్నాడు. మొహం కందగడ్డలా అయింది. కుడిచెయ్యి మెల్లగా నడుము దగ్గరికి వెళ్ళింది. మరుక్షణం నేను మా బల్ల కింద ఉన్నాను.

ఆయన తీసింది జేబురుమాలు. కళ్ళు తుడుచుకుని, సీసా వైపు వేలు చూపించి, ఎంతో మర్యాదగా, "చాలా బాగుందమ్మా. కానీ పార్కులోకి గాజుసీసాలు తేకూడదు, ఫైన్ వేస్తారు" అన్నాడు ఇంగ్లీషులో. బల్ల కింద నుంచే బామ్మగారికి తెలుగులో చెప్పాను. మొత్తం పార్కులో చట్టం తప్పింది మా ఆవకాయ ఒక్కటే!

"అంతేనా? అయితే ఆయన క్యారేజీలోనే వంపేస్తాను, ఎలాగూ మూత లేదుగా" అని బామ్మగారు సగం సీసా ఆయన లంచ్ బాక్స్‌లోకి దించేశారు. ఆయన కాదనలేదు. "నువ్వేం వెతుకుతున్నావురా అక్కడ?" అన్నారు నన్ను చూసి. "ఉప్పు, బామ్మగారూ" అన్నాను. ఆ పూట గుత్తివంకాయ రెండోసారి కూడా వడ్డించారు, దేవతలాంటి మనిషి.

ఇప్పుడు నన్నే అంకుల్ అంటున్నారు. వనభోజనాలకి ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలో తీసుకెళ్తున్నాను. పార్కులో ఎవరి నడుముకైనా పిస్తోలు కనపడితే, అబద్ధమెందుకు, గుండె ఇప్పటికీ ఝల్లుమంటుంది. కానీ బల్ల కింద దూరడానికి ఈ పొట్ట ఒప్పుకోదు. చేసేదిలేక విస్తరి పట్టుకుని పలకరించడానికి వెళ్తాను. "నాన్నా, యూ ఆర్ సో బ్రేవ్!" అంటుంది మా అమ్మాయి. అననీ, నాకేం నష్టం!