ముల్లు చూపిన అరవై

డిపోలో అందరూ ఆయన్ని ముల్లు మాస్టారు అనేవాళ్ళు. బస్సు నడిపేటప్పుడు ఆయన చూపు రోడ్డు మీద ఎంత ఉండేదో, స్పీడు మీటరు ముల్లు మీదా అంతే ఉండేది. అరవై దాటకూడదని రూలు. పందొమ్మిదేళ్ళలో ఆయన ముల్లు అరవై గీతను ఒక్కసారీ దాటలేదు.

"పెళ్ళికైనా చావుకైనా అరవయ్యేనా మాస్టారూ?" అని కండక్టరు వేళాకోళం చేసేవాడు.

"నీ పెళ్ళికైతే నలభయ్యేరా. తొందరపడాల్సిన పని కాదది."

పొద్దున ఆరింటికి బయల్దేరే మొదటి బస్సు ఆయనది. యాభై ఆరు కిలోమీటర్ల అవతల పెద్దాసుపత్రి దగ్గర దాని ప్రయాణం ముగుస్తుంది. రోడ్డంతా ఖాళీ. అరవై మీద వెళ్తే యాభై ఆరు నిమిషాలు, స్టాపుల్లో ఆగడానికి ఇంకో పద్నాలుగు. ఏడూ పదికి చేరాలి. ఆయన మాత్రం ఏడూ పద్నాలుగుకు చేరేవాడు.

ఆ నాలుగు నిమిషాలు ఎక్కడ పోతున్నాయో ఆయనకు అంతుపట్టలేదు. బయల్దేరే ముందు టీ మానేశాడు. తలుపు చప్పున తెరుచుకోవాలని బందులకు తనే నూనె పోసేవాడు. అయినా ఆలస్యానికి మెమోలు వస్తూనే ఉన్నాయి. అదే బస్సును మిగతా డ్రైవర్లు టైముకి చేర్చేవాళ్ళు. మీటరు అద్దం మీద అరవై నాలుగు దగ్గర వాళ్ళు సుద్దగీత గీసుకునేవాళ్ళు. అది దొంగగీత అని ఆయన తడిగుడ్డతో తుడిచేసేవాడు.

చివరికి ఆసుపత్రి దగ్గర బస్సుల వేళలు రాసుకునే టైం కీపరు తేల్చి చెప్పేశాడు. ఈ వారంలో ఇంకొక్కసారి ఆలస్యమైతే పొద్దుటి బస్సు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆ మాట విన్న రాత్రి ఆయన అన్నం సగంలో వదిలేశాడు. ఆ బస్సులో ఎవరు ఏ సీట్లో కూర్చుంటారో కళ్ళు మూసుకుని చెప్పగలడాయన.

మర్నాడు దారిలో బడి పక్కన కొత్త బోర్డు కనిపించింది. వచ్చే బండి వేగం ఎంతో అంకెల్లో వెలుగుతోంది. ముల్లు అరవై మీద ఉంది. బోర్డు యాభై ఆరంది.

"పెట్టిన రోజే పాడైంది," అన్నాడాయన.

కండక్టరు ఫోను తీసి అందులో వేగం చూశాడు. "ఇదీ యాభై ఆరే అంటోంది మాస్టారూ!"

తిరిగి రాగానే తిన్నగా షెడ్డుకి వెళ్ళాడు. డిపో మెకానిక్కు ఆయన సొంత బావమరిదే. బస్సు కింద నుంచి తల బయటపెట్టి అంతా విన్నాడు.

"అదంతే బావా. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో మీటరు లెక్కపెడుతుంది. టైరు అరిగితే చక్రం చిన్నదవుతుంది, అదే దూరానికి ఎక్కువసార్లు తిరుగుతుంది. అది మీటరుకేం తెలుసు? వేగంగా పోతున్నామనుకుంటుంది. ఏ టైరు వేసినా ముల్లు అసలు వేగం కంటే తక్కువ మాత్రం చూపకూడదు. అందుకని తయారుచేసేటప్పుడే కాస్త ఎక్కువ చూపేటట్టు పెడతారు."

"ఈ సంగతి అందరికీ తెలుసా?"

"గీతలు గీసుకునేది అందుకేగా."

"మరి నాకెందుకు చెప్పలేదురా?"

బావమరిది రెంచీని గుడ్డతో తుడిచాడు. "మొదట్లో నీకు తెలుసనుకున్నా. తెలీదని తెలిసేసరికి ఏళ్ళు గడిచిపోయాయి. ఇక ఏ మొహం పెట్టుకుని చెప్పను? పైగా... షెడ్డులో అదో సరదా అయిపోయింది బావా."

"నువ్వూ నవ్వావా?"

బావమరిది తల మళ్ళీ బస్సు కిందికి వెళ్ళిపోయింది.

ముల్లు జాగ్రత్త కోసం అబద్ధం చెప్పింది, సరే. ఈ మనిషో? ప్రతి ఆదివారం తన ఎదురుగా కూర్చుని భోంచేస్తాడు. మెమో వచ్చిందంటే "అయ్యో బావా" అని పళ్ళెంలో చేయి ఆపేస్తాడు. ఆ చేయి నవ్వాపుకోవడానికే ఆగేదేమో!

మర్నాడు ఆయనే సుద్దముక్క తీసుకుని అరవై నాలుగు దగ్గర గీత గీశాడు. కాలు మాత్రం ఒక పట్టాన యాక్సిలరేటరు నొక్కలేదు, ఎవరి జేబులోనో చేయి పెడుతున్నట్టు. బడి దగ్గర బోర్డు సరిగ్గా అరవై చూపించింది. బస్సు ముందే వచ్చేసిందని స్టాపుల్లో జనం సణుక్కుంటూ పరుగెత్తి ఎక్కారు. ఆసుపత్రికి ముందున్న ఆఖరి స్టాపులో ఎవరూ లేరు. బస్సు కదిలింది.

అప్పుడు అద్దంలో కనిపించింది, ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే ఆవిడ. సందులోంచి చేతిలో క్యారియరుతో, ఒక కాలికే చెప్పుతో పరుగెత్తుకొస్తోంది. ఆగితే టైము పోతుంది. ఆయన ఆపాడు. ఆవిడ వెనక్కి వెళ్ళి రెండో చెప్పు తెచ్చుకుని ఎక్కేసరికి నాలుగు నిమిషాలైంది.

"ఏంటన్నయ్యా ఇది!" ఆవిడ రొప్పుతూ అంది. "నీ ఆలస్యం నమ్ముకునే కదా పిల్లకు జడేసి బయల్దేరతాను! చెప్పాపెట్టకుండా ఇలా మోసం చేస్తే ఎట్లా?"

ఆయన గేరు వేశాడు.

"ఇంకాస్త తొక్కండి మాస్టారూ, అందుకుంటాం," అన్నాడు కండక్టరు.

"అరవై ఎక్కడుందో ఇప్పుడు తెలిసిందిగా. తెలిసి దాటను."

ఆసుపత్రి దగ్గర టైం కీపరు గడియారం చూసి రాసుకున్నాడు: ఏడూ పద్నాలుగు.

డిపోలో బావమరిది ఎదురొచ్చాడు. "టైముకి చేరావా బావా?"

ఆయన పొద్దుటి బస్సు తాళాలు టేబులు మీద పెట్టాడు. "లేదు. వెళ్ళి షెడ్డులో చెప్పు, నవ్వుకుంటారు. ఆదివారం మాత్రం నువ్వు మీ ఇంట్లోనే తిను."