అక్క మింగిన మందు ఎక్కడికి పోయింది

బొంబాయి నుంచి మా బావ నర్సింలు మనిషితో కబురు పంపాడు: మీ అక్క మందులు మింగడం లేదు, వచ్చి తీసుకుపో అని. అక్క బాలమ్మకు టీబీ అని తెలిసి అప్పటికి కొన్ని నెలలైంది. నేను మహబూబ్‌నగర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్తాను గనక ఆమెకు బుద్ధి చెప్పే పని నా మీద పడింది. దసరా సెలవుల్లో విసుక్కుంటూనే బయల్దేరాను.

మాకు బొంబాయి బండి రాయచూరులో దొరుకుతుంది. పొద్దున బస్సుకు అక్కడికి పోయి, మధ్యాహ్నం రావలసిన బండి కోసం సాయంత్రం దాకా ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను. జనరల్ పెట్టెలో పాలమూరు కూలీల గడ్డపారలు, తట్టల మధ్య కాలు చాపే చోటు లేదు. వాడి జంక్షన్ దాటాక ఎదుటి సీటులోని గుమాస్తా ఎక్కడికని అడిగాడు. కామాటిపురా అన్నాను. సానికొంపల పేటగానే దాని పేరు విన్నాడేమో, ఆయన ముసిముసిగా నవ్వి పక్కాయన వంక చూశాడు. ఆ ఊళ్లో రాళ్లెత్తిన మన కామాటోళ్ల పేరే ఆ పేటకు పడిందని చెప్పబోయి, వినే ముఖం కాదని ఊరుకున్నాను. షోలాపూర్‌లో కొన్న పూరీలు తోలులా సాగాయి.

తెల్లవారి దాదర్‌లో దిగి లోకల్ ఎక్కాను. వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి, గ్రాంట్ రోడ్‌కు స్లో బండే ఎక్కాలి. నేనెక్కిన ఫాస్ట్ బండి ఆ స్టేషన్ను నా కళ్లముందే దాటేసి చర్చిగేట్‌లో దింపింది. మళ్లీ వెనక్కి వచ్చి, ఫోరస్ రోడ్ మీదుగా నడిచి అక్కావాళ్లుండే చాల్, అంటే ఒంటిగదుల మేడ, చేరేసరికి ఎండెక్కింది.

ఉన్నది ఒక్కటే గది. మధ్యలో పాత చీర కట్టి, అవతల అక్కను పడుకోబెట్టారు. మనిషి సగమైపోయింది. నేను తెలుగులో పలకరిస్తే మేనకోడలు హిందీలో జవాబిచ్చింది. కూర్చోకముందే నేను పాఠం మొదలుపెట్టాను. మందు మధ్యలో ఆపితే క్రిమి మొండికేస్తుందని, ఇంత చిన్న విషయం తెలియదా అని కోప్పడ్డాను. అక్క అంతా విన్నది.

"దినాం మింగుతున్న తమ్మీ. మీ బావ నమ్మడు. నువ్వన్న నమ్ముతవనుకున్న."

మింగితే దగ్గు ఎందుకు తగ్గలేదని అడిగాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు అక్క, బావ, నేను ఆసుపత్రికి పోయాం. ఈ కిటికీ కాదంటే ఆ కిటికీ, అక్కడికి పోతే అన్నం వేళ. చివరికి దొరికిన డాక్టరమ్మ మరాఠీ మనిషి. మూత్రం పరీక్ష చేయించానని, మందు రంగు అందులో దిగుతోందని, ఈమె మాత్రలు మింగుతున్న మాట నిజమని హిందీలో చెప్పింది. ఈమె కఫంలోని క్రిమి మీదే ఆ మందులు పనిచేయడం లేదట.

ఎందుకని నిలదీశాను. టీబీ క్రిమి చుట్టూ మైనంలాంటి మందపు పొర ఉంటుంది, మందు అంత సులువుగా చొరబడదు అంది. పొరల్లో సరుకును అటూఇటూ దాటించే ప్రొటీన్లుంటాయి. వేరే సూక్ష్మజీవుల్లో అలాంటివి కొన్ని లోపలికొచ్చిన మందును బయటికి తోసేస్తున్నట్టు ఈమధ్యే తేలిందట. మరి టీబీ క్రిమిలో?

"ఉండొచ్చు. మాకింకా తెలియదు," అంది.

తెలియదంటే ఎట్లా అని నాకు చిర్రెత్తింది. ఆమె మాత్రం మందులు మార్చి రాసింది. రోజూ సూది వేయించాలి, ఊరికి పంపితే కుదరదు అంది. నేను ఆ మాటలన్నీ తెలుగులో చెప్పాను.

అక్క బావ వైపు చూసింది. "ఇన్నవా?" అంది. అంతే.

బావ తల వంచుకుని బెంచీ మీది ఆమె సంచి తీసుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో నన్ను దిగబెట్టడానికి దాదర్ దాకా వచ్చాడు. ఇకమీదట రోజూ పొద్దున అక్కకు సూది వేయించి ఆలస్యంగా పనికొస్తానని మేస్త్రీతో చెప్పాడట. మధ్యలో కట్టిన చీర తీసేశావా అని అడిగితే, డాక్టరమ్మ కొన్నాళ్లు ఉండనిమ్మంది, పక్క మాత్రం కిటికీ దగ్గరికి మార్చిన అన్నాడు.

బండి పుణె దాటాక కూడా నా చిరాకు తగ్గలేదు. గంటలకొద్దీ ఆలస్యమైన రైలు మీదా కాదు, ఆసుపత్రి కిటికీల మీదా కాదు. అక్క నెలల తరబడి నిజం చెప్తుంటే, సొంత మనుషులం నమ్మడానికి ఎవరో డాక్టరమ్మ చెప్పాల్సి వచ్చింది.